చొక్కా మీద ఎవరి పేరు?

చైనా ఫుట్‌బాల్ గురించి కబుర్లేమిటి, క్రికెట్ ముచ్చట్లేవీ దొరకలేదా అంటారేమో. దొరక్కేం, కావలసినన్ని ఉన్నాయి. కానీ ఈ గ్వాంగ్జౌ క్లబ్ కథలో ఫుట్‌బాల్ సగం పాలే. మిగతా సగమంతా అపార్ట్‌మెంట్లు, అప్పులు, మంచినీళ్ల సీసాలు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియని వాళ్లు కూడా హాయిగా వినొచ్చు.

గ్వాంగ్జౌ దక్షిణ చైనాలో పెద్ద వర్తక నగరం. అక్కడ 1954 నుంచీ ఒక జట్టుండేది. చైనాలో ఫుట్‌బాల్ జీతాల ఆటగా మారే రోజుల్లో, 1993లో, టానిక్కులమ్మే అపోలో అనే కంపెనీ దాన్ని చేరదీసింది. మన ఆస్పత్రుల అపోలోకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు లెండి. జట్టు పేరులో కంపెనీ పేరు వచ్చి కూర్చుంది. తర్వాత గీలీ కార్ల వాళ్లు ఒక్క ఏడాది చూసి వెళ్లిపోయారు. ఆపైన మందుల కంపెనీ, తర్వాత నీళ్ల కంపెనీ, మళ్లీ ఇంకో మందుల కంపెనీ. డబ్బు పెట్టినవాడు మారినప్పుడల్లా జట్టుకి మళ్లీ బారసాల. ఈలోగా 2006లో ఒక మ్యాచ్ ఫిక్స్ చేసిన సంగతి బయటపడి, 2010 ఫిబ్రవరిలో జట్టుని కింది డివిజన్‌కి దింపేశారు.

పరువు పోయిన సరుకు చౌకగా వస్తుంది కదా. వారాలు తిరక్కుండానే, మార్చి 1న, ఎవర్‌గ్రాండ్ అనే బిల్డర్ కంపెనీ 10 కోట్ల యువాన్లకి జట్టుని కొనేసింది. 2025 లెక్కన యువాన్ అంటే మన 12 రూపాయల దరిదాపు. కంపెనీ అధిపతి షూ జియాయిన్. హెనాన్ పల్లెలో పేదింట పుట్టి, ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి, 1996లో గ్వాంగ్జౌలో ఈ వ్యాపారం పెట్టాడు. 2009 చివర్లో కంపెనీ హాంకాంగ్ స్టాక్ మార్కెట్‌కెక్కింది. ఇక కావలసింది దేశమంతా నోళ్లలో నానే పేరు. ఊరూరా ఫ్లాట్లు, అదీ కట్టకముందే అమ్మేవాడికి, పేరే కదా పునాది!

ఆయన జట్టుని నడిపిన తీరు వినండి. 2011లో బోనస్ లెక్క ఇలా పెట్టాడు: మ్యాచ్ గెలిస్తే జట్టుకి 50 లక్షల యువాన్లు, డ్రా అయితే 10 లక్షలు, ఓడితే ఎదురు 30 లక్షల జరిమానా. అంత ముక్కుసూటి లెక్క నాకైతే ముచ్చటేసింది. ఆ ఏడాదే బ్రెజిల్ లీగులో వెలిగిపోతున్న అర్జెంటీనా ఆటగాడు కొంకాని తెచ్చాడు. అతని జీతం విని యూరప్ పత్రికలు నోరెళ్లబెట్టాయి. కింది డివిజన్ నుంచి 2010లో పైకెక్కిన జట్టు, 2011లో నేరుగా దేశానికే చాంపియన్ అయింది. అక్కణ్నుంచి 2017 దాకా వరసగా ఏడుసార్లు, మళ్లీ 2019లో ఒకసారి. మొత్తం ఎనిమిది.

2012లో కోచ్‌గా దిగింది మార్చెల్లో లిప్పి. 2006లో ఇటలీకి ప్రపంచకప్పు తెచ్చిన పెద్దమనిషి. ఆ తర్వాత వచ్చిన స్కొలారి 2002లో బ్రెజిల్‌కి ప్రపంచకప్పు తెచ్చినవాడు. అయితే ఇదంతా విదేశీ వైభవమే అనుకుంటే పొరపాటు. కెప్టెన్ జెంగ్ జీ చైనా మనిషే, 2013లో ఆసియా మేటి ఆటగాడి అవార్డు ఆయనకే వచ్చింది.

ఇక అసలు రాత్రి. 2013 నవంబర్ 9, టియెన్‌హె స్టేడియం. ఆసియా చాంపియన్స్ లీగ్ ఫైనల్ రెండో అంచె, ఎదుట కొరియా జట్టు ఎఫ్‌సీ సోల్. సోల్‌లో 2-2, ఇక్కడ 1-1. అవతలివాడి గడ్డ మీద కొట్టిన గోల్స్‌కి విలువెక్కువ అనే అప్పటి నియమం పుణ్యమా అని కప్పు గ్వాంగ్జౌకి దక్కింది. ఆ పోటీ చాంపియన్స్ లీగ్‌గా రూపం మార్చుకున్నాక చైనా క్లబ్బేదీ అంతవరకూ ఆ కప్పు అందుకోనేలేదు. స్టేడియమంతా ఎర్రజెండాలు, కేకలు. ఆ రాత్రి ఆటగాళ్ల చొక్కాల మీద ఒక కొత్త పేరు మెరిసింది. ఎవర్‌గ్రాండ్ వారి మినరల్ వాటర్! ఖండమంతా కళ్లప్పగించి చూస్తున్న పూట సీసా నీళ్లకి ఆరంభోత్సవం చేసేశారు.

అక్కడితో ఆగలేదు. 2015లో మళ్లీ ఆసియా ఫైనల్. దుబాయ్ జట్టు అల్ అహ్లి మీద ఎల్కెసన్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో కప్పు రెండోసారి వచ్చింది. చొక్కా ముందుభాగాన్ని మాత్రం అప్పటికే డాంగ్‌ఫెంగ్ నిస్సాన్ కార్ల కంపెనీ డబ్బిచ్చి తీసుకుంది. ఫైనల్ రోజు చూస్తే అక్కడ ఎవర్‌గ్రాండ్ జీవిత బీమా పేరుంది! కార్ల వాళ్లు కోర్టుకెక్కి గెలిచారు. నన్నడిగితే ఈ క్లబ్ జాతకమంతా ఆ చొక్కా మీదే ఉంది. కప్పుకన్నా ప్రకటన ముఖ్యం. కోర్టు ఖర్చు కూడా ప్రకటన ఖర్చుల పద్దులోకే.

లాభం వచ్చేదా అంటారా? 2014లో అలీబాబా 120 కోట్ల యువాన్లిచ్చి సగం వాటా తీసుకుంది. మరుసటేడు, ఆసియా కప్పు గెలిచిన ఏడాదే, క్లబ్ నష్టం 95 కోట్ల యువాన్లు. 2016లో 4.2 కోట్ల యూరోలు పోసి అట్లెటికో మాడ్రిడ్ నుంచి జాక్సన్ మార్టినెజ్‌ని తెచ్చారు. గాయాలతో అతను ఆడింది అంతంతమాత్రం. పౌలిన్యోని బార్సిలోనాకి 4 కోట్ల యూరోలకి అమ్మడం ఒక్కటే కాస్త గిట్టుబాటు బేరం. టికెట్లు, జెర్సీల రాబడితో ఇలాంటి ఇల్లు గడవదు. గడిపింది ఫ్లాట్ల అడ్వాన్సులు. అవి వస్తున్నన్నాళ్లూ ఎవరూ ఏమీ అడగలేదు.

2020 ఏప్రిల్లో, కరోనా నడిమధ్యలో, తామరపువ్వు ఆకారంలో లక్షమంది పట్టే స్టేడియానికి శంకుస్థాపన చేశారు. అంచనా 1,200 కోట్ల యువాన్లు. ఆ నవంబర్లో గ్వాంగ్జౌని ఫైనల్లో ఓడించి జియాంగ్సు అనే జట్టు లీగు గెలిచింది. గెలిచిన ఆ జట్టు మూడు నెలలకే, డబ్బు పెట్టే సునింగ్ కంపెనీ చేతులెత్తేస్తే, మూతపడింది. మనకీ ఈ రుచి తెలియంది కాదు. 2022 మార్చిలో మన ఫుట్‌బాల్ లీగు ఐఎస్ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ జీతాల గొడవల్లో పడి, చేతులు మారి, 2025లో ఢిల్లీ జట్టైపోయింది.

ఎవర్‌గ్రాండ్ అప్పు 30,000 కోట్ల డాలర్లు దాటిందని లోకానికి తెలిసింది 2021లో. అప్పులు తెచ్చి కట్టే బిల్డర్ల మీద ప్రభుత్వం పగ్గాలు బిగించాక, కొత్త అప్పు పుట్టలేదు, పాతది తీరలేదు. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. కోచింగ్ జెంగ్ జీ నెత్తిన పడింది. కంపెనీల పేర్లు జట్లకి ఉండకూడదని చైనా ఫుట్‌బాల్ సంఘం నియమం పెట్టడంతో, ఇన్నేళ్లకి జట్టుకి ఊరి పేరొక్కటే మిగిలింది, గ్వాంగ్జౌ ఎఫ్‌సీ. 2022లో కుర్రాళ్లతో ఆడి కింది డివిజన్‌కి జారింది. తామరపువ్వు స్టేడియం స్థలం సర్కారుకి వాపసు పోయింది. 2023లో షూ జియాయిన్ పోలీసుల అదుపులోకి వెళ్లాడు. 2024 జనవరిలో హాంకాంగ్ కోర్టు కంపెనీని మూసేయమంది.

నాకు ఉసూరుమనిపించేది ఆ తర్వాతి ముక్క. 2024లో ఆ కుర్రజట్టు రెండో డివిజన్‌లో మూడో స్థానంలో నిలిచింది. ఇంకొక్క మెట్టెక్కితే మళ్లీ పెద్ద లీగే! మైదానంలో వాళ్లని ఎవరూ వెళ్లగొట్టలేదు. 2025 జనవరి 6న, పాత బాకీలు తీర్చలేదని సంఘం లైసెన్సు ఇవ్వలేదు. పోగుచేసిన డబ్బు చాల్లేదని చెప్పి, క్లబ్ అభిమానులకి క్షమాపణ చెప్పుకుంది. ఆటగాళ్లు తలోదిక్కూ పోయారు.

ఆ క్లబ్‌ని దక్షిణ చైనా పెద్దపులి అని పిలుచుకునేవాళ్లు. ఇప్పుడు ఊళ్లో ఇంకో జట్టుంది, దాని పేరుకి అర్థం గ్వాంగ్జౌ చిరుత. 2024లో మూడో డివిజన్ నుంచి పైకెక్కి, మరుసటేడు పెద్దపులి ఖాళీ చేసిన రెండో డివిజన్‌లోనే ఆట మొదలెట్టింది.