ఒకే రేకు, ఎన్నో ఇంజన్లు

"యాభై ఏళ్ళు అదే కారు తయారుచేశారు, ఒక్క ముక్క మార్చలేదు" - అంబాసిడర్ మీద మన ఐటీ వాళ్ళల్లో బాగా నడిచే జోకు ఇది. లెగసీ కోడ్ గురించి ప్రెజెంటేషన్ అనగానే ఎవరో ఒకరు దాని బొమ్మ పెట్టేస్తారు. నాకు ఈ జోకుతో చిన్న పేచీ ఉంది. మారనిది పైన రేకు మాత్రమే. బానెట్ ఎత్తితే కథ వేరు.

అంబాసిడర్ కి మూలం బ్రిటన్ వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అని చాలామందికి తెలుసు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1950ల చివర్లో మొదలుపెట్టారు. తొలిరోజుల్లో సైడ్ వాల్వ్ ఇంజన్, ఆ తర్వాత 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ పెట్రోలు ఇంజన్. ఇదే 1489 సీసీ బి-సిరీస్ బ్రిటన్లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో కూడా ఉండేదంటే నమ్ముతారా? :)

దీనికి డీజిల్ తమ్ముడు ఒకడున్నాడు. అదే 1489 సీసీ. బ్రిటన్లో 1960లలో ఆస్టిన్ కేంబ్రిడ్జ్ కీ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కీ పెట్టారు, 40 హార్స్ పవర్. అక్కడ అదొక వింత. మన దగ్గర 1980 ప్రాంతంలో అంబాసిడర్ లోకి వచ్చింది, టాక్సీ వాళ్ళకి అన్నం పెట్టింది. 1990లలో జపాన్ ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజన్ వచ్చింది, 75 హార్స్ పవర్, 5 గేర్లు. తర్వాత ఇసుజు 2 లీటర్ల డీజిల్.

ఇంకో వింత కాంటెస్సా. ఒళ్ళు బ్రిటన్ వాళ్ళ వాక్స్‌హాల్ విక్టర్ ది, 1984లో లోపల పెట్టింది మాత్రం పాత 1489 సీసీ! అంత పెద్ద ఒంటికి 50 హార్స్ పవర్. తర్వాత ఇసుజు ఇంజన్ వేశాకే దానికి ప్రాణం లేచొచ్చింది.

అసలు క్లైమాక్స్ స్టాండర్డ్ 2000. మద్రాసులో 1985లో వచ్చింది. ఒళ్ళు రోవర్ ఎస్‌డీ1, 1977లో యూరప్ కార్ ఆఫ్ ది ఇయర్. బ్రిటన్లో దాంట్లో మూడున్నర లీటర్ల వీ8 ఉండేది. మనవాళ్ళు పెట్టింది 1991 సీసీ పాత స్టాండర్డ్ వాన్‌గార్డ్ ఇంజన్. ఆ కుటుంబం ఇంజనే ఫెర్గూసన్ ట్రాక్టర్లలోనూ నడిచింది. ధర ఎక్కువ, పెట్రోలు తాగుడు ఎక్కువ, పరుగు తక్కువ. కొన్నేళ్ళకే మూతపడింది.

వీటిని చూసి నవ్వడం తేలిక. కానీ లైసెన్స్ రాజ్ లో దిగుమతులకి దారి లేదు. చేతిలో ఉన్న ఇంజన్ని చేతిలో ఉన్న బాడీలో కూర్చోబెట్టడమే ఇంజనీరింగ్. అందులో ఇసుజు నెగ్గింది, స్టాండర్డ్ 2000 ఓడింది. తేడా పాతా కొత్తా కాదు, ఆ ఇంజనూ ఆ బండీ ఆ కొనేవాడూ ఒకరికొకరు సరిపోయారా లేదా అన్నదే. మనం సిస్టంలు మైగ్రేట్ చేసేటప్పుడు అడగాల్సిన ప్రశ్నా ఇదే, కానీ అడగం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మణుగూరులో మా పెదనాన్న దగ్గర ఇంకా ఆ 1489 డీజిల్ అంబాసిడర్ ఉంది. సింగరేణి వాళ్ళనీ, అశ్వాపురం భారజల కర్మాగారం వాళ్ళనీ, శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళేవాళ్ళనీ ఏళ్ళ తరబడి తిప్పిన బండి. మా అన్న, నేనూ చదువుకున్నది దాని మీదే. టాక్సీ మానేశాక సొంత బండిగా మార్పించుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడింది. 15 ఏళ్ళు దాటిన కారుకి ఈ ఫీజు 600 నుంచి 5000 అయ్యింది 2022 ఏప్రిల్ లో. ఫిట్‌నెస్ ఖర్చులు వేరే.

అన్న ఏమంటాడంటే - తుక్కుకి ఇచ్చేద్దాం, లేదా కొత్త కామన్ రైల్ డీజిల్ ఇంజన్ వేయిద్దాం. సగం ఖర్చు నన్ను పెట్టుకోమన్నాడు.

నేను రెండో దానికి ఒప్పుకోలేదు. పవర్ రెట్టింపైతే బ్రేకులు, గేర్ బాక్స్, రేడియేటర్, వైరింగ్ అన్నీ మార్చాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మార్పుకి అనుమతి తీసుకుని ఆర్.సి.లో ఎక్కించాలి. పైగా ఇప్పుడున్న ఇంజన్ని ఊళ్ళో మేస్త్రీ స్పానర్లతో బాగుచేస్తాడు. కొత్తదానికి కంప్యూటర్ పట్టుకుని ఎవరొస్తారు?

"బొగ్గు దుమ్ము చాలదా, దీని పొగ కూడా కావాల్నా?" అన్నాడు అన్న. ఆ మాట మాత్రం కొట్టెయ్యలేను. ఆ కాలం డీజిల్ పొగని సెంటిమెంటుతో కడగలేం.

పెదనాన్ననే అడిగాం. "ఇది ఉరకదురా, చేరుస్తది. నేను స్టీరింగ్ పట్టుకున్నన్నాళ్ళు ఉంచండి" అన్నాడు.

చివరికి ముగ్గురం ఒక మాట మీదికొచ్చాం. ఫీజు నేను కడతాను, ఇంజన్ అదే ఉంటుంది, రోజూ తిప్పడం మాత్రం బంద్. నెలకోసారి ఇంటివాళ్ళని గోదావరి దాటించి గుడికి తీసుకెళ్తే చాలు. పెదనాన్న స్టీరింగ్ వదిలిన రోజు దాన్నీ పంపించేస్తాం.

నా లెక్కలో ఇది సరైన డీకమిషనింగ్ ప్లానే. ఏమంటారు?