రాయల ముఖం

మద్రాసు నుంచి తిరువళ్లూరు, కనకమ్మ సత్రం, తిరుత్తణి మీదుగా తిరుమలకు సాగే యాత్రికుల బాటకు ఒక కొసన 1850లో ఆరంభమైన చిత్రకళా పాఠశాల, రెండో కొసన వేంకటేశ్వరుని ఆలయంలో చేతులు జోడించి నిలిచిన శ్రీకృష్ణదేవరాయల లోహ ప్రతిమ ఉన్నాయి. మనిషి ముఖాన్ని కళలో నిలపడానికి ఎన్ని తోవలున్నాయో తెలుసుకోగోరేవారు చూడవలసిన చోట్లు ఇవి. ఎదుటి మనిషి ముక్కుతీరును, ముడతలను, మచ్చలను కంటికి కనిపించినట్లే దించడం వాస్తవిక శైలి కాగా, ఆ వివరాలను విడిచి గీత, రంగు, ఆకారాలతోనే అతని ఉనికిని సూచించడం నైరూప్య శైలి.

ఈ రెండో తోవ ఇరవయ్యో శతాబ్దంలో ఐరోపా నుంచి వచ్చిందన్న మాటను రాయల ప్రతిమ ముందు నిలబడినవారు అంత తేలికగా ఒప్పుకోలేరు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయస్, రాయలు నడితరపు ఎత్తువాడని, సన్నం కంటే లావు అనదగినవాడని, ముఖాన మశూచి మచ్చలున్నాయని రాశాడు. తిరుమలదేవి, చిన్నాదేవుల సరసన ఎత్తైన కుళ్లాయి ధరించి నిలిచిన రాయలకు మాత్రం నాజూకైన ఒడలు, నున్నని చెక్కిళ్లు ఉన్నాయి. ఆయన ఎవరో ముఖం కాదు, భుజం మీద చెక్కిన పేరు చెబుతుంది. ఇది పూర్తి నైరూప్యం కాదు, అయినా శిల్పి మశూచి మచ్చలను మరచి వదలలేదు. రాజు దేహాన్ని పక్కనబెట్టి, దైవం ఎదుట ఆయన నిలిచిన తీరును ఎంచుకున్నాడు.

మద్రాసు పాఠశాలలో ఈ ఎంపికే తరాల మధ్య తేడాగా మారింది. పాఠశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌధురి కండరాల బిగువును ఉన్నదున్నట్లు మలచగా, ఆయన తరువాత 1957లో ఆ బాధ్యత చేపట్టిన చిత్రకారుడు పణికర్ 1960లలో అక్షరాలను, గుర్తులను పోలిన రూపాల వైపు మళ్లాడు.

1942లో కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం ఈ రెండింటి నడుమ తనదైన చోటు వెతుక్కున్నారు. ఆయన గీసిన స్త్రీలు నల్లని మేనితో, నుదుట పెద్ద ఎర్రబొట్టుతో, ఎరుపు, నారింజ చీరల్లో కనిపిస్తారు. వారిలో ఎవరి పేరూ అడగనక్కర లేకపోయినా, తెలంగాణ పల్లెలో పెరిగినవారు వారిని ఎరిగినవారిగానే చూస్తారు.