తల్లి వరుస

గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి. తల్లి పేరిట పిలిపించుకొన్న రాజులు ఏలిన నేల మనది. అయినను గోత్రమడిగితే తండ్రిదే చెబుతాము. తల్లి వరుస మాట ఎత్తేది జబ్బు వచ్చినప్పుడే.

మా కాజీపేటలో, నా వద్ద చదువుకొన్న ఒక అమ్మాయికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. దేహంలోని రక్షకదళమే నాడీతంతువుల తొడుగును కొరికివేసే వ్యాధి అది. "తల్లి నుంచే వచ్చిందట" అని అత్తవారింట గుసగుసలు. "నిజమేనా సార్?" అని ఆ తల్లి నన్నడిగింది. తెలుగు పండితుణ్ణి అడగవలసిన ప్రశ్న కాదు. అయినా చదివి చెప్పాను.

కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాకు సొంత డి.ఎన్.ఏ. ఉన్నది: 16,569 అక్షరాలు, 37 జన్యువులు. అది తల్లి నుంచే సంక్రమిస్తుంది. హైదరాబాదు సి.సి.ఎం.బి.లో తంగరాజ్, లాల్జీ సింగ్ గార్లు 2005లో అండమాన్ ఆదివాసుల ప్రాచీనతను చూపినది ఈ వరుసను పట్టుకొనే. అందులోని కొన్ని భేదాలకు ఈ వ్యాధితో సంబంధమున్నట్లు ఐరోపావారిలో గమనించారు. 2004 నాటి కెనడా పరిశీలనలో, రోగితో తల్లిని మాత్రమే పంచుకొన్న తోబుట్టువులలో వ్యాధి నూటికి 2.35, తండ్రిని మాత్రమే పంచుకొన్నవారిలో 1.31. మొగ్గు తల్లివైపే, కాదనను. కాని ఆ తల్లుల బిడ్డలలోనూ నూటికి 97 మందికి వ్యాధి రానేలేదు!

ఇంతవరకు తెలిసిన జన్యుకారణాలలో పెద్దది హెచ్.ఎల్.ఏ. అనే జన్యువుల గుంపులోనిది. అది తండ్రి నుంచి కూడా రావచ్చు. ఆ మాట మాత్రం గుసగుసలలో వినబడలేదు.