నీలాపనింద

ఆటలవలన కాలము వ్యర్థమగునని పెద్దలు చెప్పుదురు. ఆ మాట చాలవఱకు సత్యమే. త్రైమాసిక పరీక్షల పిమ్మట వచ్చిన సెలవులలో మేమును కాలము వ్యర్థము చేయుటకే కూర్చుంటిమి. అయినను ఆ కొలది దినములలో మా కొక పాఠము లభించినది. అది మా పుస్తకములలో లేదు. దానిని దాచుకొనక మన పాఠశాల పత్రికాముఖమున చదువరులకు నివేదించుట మా విధియని తలచి ఈ వ్యాసమునకు పూనుకొంటిమి. ఇందు మా గొప్ప యేమియు లేదు. మా తప్పే కలదు.

మేము నలుగురము పదవ తరగతి చదువుచున్నవారము. హోసూరు ప్రాంతమున తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబములలో పుట్టినవారము. ఇంట తెలుగును, కచేరీలలో తమిళమును, సంతలో కన్నడమును వినుచు పెరిగితిమి. మాలో నొకని యన్నగారు బెంగుళూరున నుద్యోగము చేయుచున్నారు. వారు తాము వాడి విడిచిన కంప్యూటరును ఇంటిలో నుంచి, అందొక యాటను చేర్చి, పరీక్షలైన తరువాతనే ముట్టవలెనని యాజ్ఞాపించి వెళ్లిరి. కడపటి పరీక్ష ముగిసిన సాయంకాలమే మేము వారి యింట చేరితిమి.

ఆ యాట పేరు 'బ్యాక్ టు ది డాన్'. మన భాషలో 'మరల వేకువకు' అని చెప్పుకొనవచ్చును. మెటల్ హెడ్ గేమ్స్ అను చైనా దేశపు సంస్థ దీనిని నిర్మించినది. 2023వ సంవత్సరమున అసంపూర్ణ రూపమున వెలువడి, 2025 జూలైలో సంపూర్ణమైనది. ఇందలి పాత్రలన్నియు జంతువులే. అవి మనుష్యులవలె నిలువున నడచును; దుస్తులు తొడుగును; మాటలాడును; అబద్ధములును చెప్పును. కథానాయకుడు థామస్ అను నక్క. అతడు పత్రికావిలేఖరి. అధికారబలము గలవారి కుట్ర నొకదానిని బయటపెట్టబోగా, వారతనిపై చేయని నేరము మోపి బౌల్డర్టన్ అను కారాగారమునకు పంపిరి. ఆటగాడు ఆ నక్కయై 21 దినములలోపల బయటపడు మార్గమును వెదకికొనవలెను. బాబ్ అను నల్లచిరుత కథ వేఱుగా గలదు. అతడు ఖైదీవేషమున చెఱసాల జొచ్చిన పోలీసువాడు. మేము మాత్రము నక్క కథనే పట్టుకొంటిమి.

ఆ చెఱసాలలో దినచర్య గడియారము ప్రకారము సాగును. ఉదయమున హాజరు, పిమ్మట భోజనము, పిదప పని, సాయంకాలము ఆవరణలో కొంతసేపు విహారము, రాత్రి తలుపులకు తాళములు. నక్క చాకిరేవుగదిలో బట్టలుతికి నాలుగు డబ్బులు సంపాదించుకొనవచ్చును. ఆకలి తీర్చుకొనవలెను; శరీరమును శుభ్రముగా నుంచుకొనవలెను. ఖైదీలలో మూడు ముఠాలు గలవు. ఒక పని సాధింపగలమా లేదా యన్నది కొన్నియెడల పాచికలవలన తేలును. అయితే ఆ పాచికల వెనుక మన తయారీ యుండును. బలము, చురుకుదనము, బుద్ధి, ఇతరుల నాకట్టుకొను నేర్పు అను గుణములలో దేనిని పెంచుకొంటిమో దానిని బట్టి గెలుపు సులభమో కష్టమో యగును.

మొదటిమాఱు మేము బలమునే నమ్మితిమి. నక్కచేత వ్యాయామము చేయించితిమి, ఎదిరించినవారితో పోరాడించితిమి. దెబ్బలు తిని వైద్యశాలలో పడుకొనుటతోనే దినములు గడచిపోయెను. గడువు ముగిసెను. రెండవమాఱు ఎవరితోను పొత్తులేక దొంగతనముగా దారి వెదకితిమి. కొంతదూరము సాగినది. కాని కావలసిన పనిముట్టు ఎవనియొద్ద నున్నదో చెప్పువాడు లేడు. కావలివాడు వచ్చునప్పుడు హెచ్చరించువాడు లేడు. మరల గడువు ముగిసెను.

అప్పుడు మాకు చిన్నయసూరిగారి 'నీతిచంద్రిక' జ్ఞప్తికి వచ్చెను. ఆ మహాపండితుడు మన రాష్ట్రములోని శ్రీపెరుంబుదూరున జన్మించి, చెన్నపట్టణమున తెలుగు బోధించినవాడు. 1853లో వెలువడిన ఆ గ్రంథములో వలలో జిక్కిన పావురముల కథ కలదు గదా! అవి వేటగాని వలతోడనే ఒక్కుమ్మడిగా నెగిరి, హిరణ్యకుడను ఎలుకయొద్ద వ్రాలెను. పావురముల రాజు చిత్రగ్రీవుడు తన బంధములకంటె ముందుగా తన వారి బంధములను కొఱుకుమని కోరెను. వలనుండి విడివడుటకు ఱెక్కలు మాత్రము చాలవు. స్నేహితుని పండ్లుకూడ కావలెను. ఈ యాటను చేసినవారు ఆ కథ చదివిరో లేదో కాని, సూత్రము మాత్రమొకటియే. ఒక ఖైదీకి కావలసిన వస్తువు తెచ్చి యిచ్చినను, అతడు కోరిన పని చేసిపెట్టినను స్నేహము పెరుగును. స్నేహము పెరిగినకొలది అతని గతచరిత్ర తెలియవచ్చును. క్రూరుడని తలచినవాడు దుఃఖితుడై కనబడును.

మూడవమాఱు ఆ ప్రకారము మొదలుపెట్టితిమి. ఆటలోని సంభాషణలు మేము ఆంగ్లములోనే చదువుకొనవలసివచ్చెను. మా మిత్రుని అవ్వగారు ప్రక్కన చాపమీద కూర్చుండి కనకాంబరములు మాల కట్టుచుండిరి. తెఱమీద జంతువులు చొక్కాలు తొడిగికొని తిరుగుట వారికి వినోదముగా నుండెను. "ఏమిరా నాయనా, ఆ నక్క చేసిన తప్పేమిరా? ఎన్నాళ్లని దాన్ని ఆ కొట్లో పెడతారు?" అని యడిగిరి.

"తప్పేమీ చేయలేదవ్వా. చేయని తప్పు చేసినాడని దాని నెత్తిన వేసినారు" అని మావాడు చెప్పెను.

అవ్వగారు సూది యాపి, "ఓహో, నీలాపనింద!" అనిరి.

ఆ మాట మాకు వినాయకచవితినాడు మాత్రము వినబడు మాట. అంతవఱకు ఆంగ్లమున మేము పదిమాఱులు చదివిన విషయమునకు మన ఇంటిలోనే ఇంత చక్కని పేరున్నదని మేమెఱుగము. అవ్వగారు శమంతకమణి కథను మరల చెప్పనారంభించిరి. సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు మణిని ధరించి వేటకుపోయి మరలి రాలేదు. మణికొఱకు కృష్ణుడే చంపెనని లోకము గుసగుసలాడెను. కృష్ణుడు పురజనులను వెంటబెట్టుకొని అడవికి పోయి, అడుగుజాడలను బట్టి వెదకి, ప్రసేనుడు సింహముచేత చచ్చెననియు, సింహము జాంబవంతునిచేత చచ్చెననియు తెలిసికొని, గుహలో 28 దినములు జాంబవంతునితో పోరాడి మణిని దెచ్చి సత్రాజిత్తుకు అప్పగించెను.

కథ ముగించి అవ్వగారిట్లనిరి: "ఆయన దేవుడు కాబట్టి తానే పోయి వెదుక్కున్నాడు. మనిషికైతే ఎవరు వెదుకుతారురా?"

అవ్వగారు నక్కనుగూర్చియే యట్లనిరి. మేము మాత్రము ఒకరి ముఖ మొకరము చూచుకొంటిమి. ఆ క్షణమున మా నలుగురికిని ఒక్కని రూపమే మనసున మెదలెను. ఆ రూపము నక్కది కాదు.

అతడు మా తరగతివాడే. పేరు వ్రాయుట న్యాయము కాదు. ఉపాధ్యాయ దినోత్సవమునకై మా తరగతి 32 మందిమి తలకు 20 రూపాయల చొప్పున 640 రూపాయలు కూర్చి, లెక్కలలో శ్రద్ధగలవాడని అతనియొద్ద నుంచితిమి. ఉత్సవమునకు రెండుదినములు ముందుగా పైకము కనబడలేదు. అతడు సంచిని బల్లలో పెట్టి మధ్యాహ్నభోజనమునకు పోయితిననెను. ఉపాధ్యాయులవారెవ్వరును అతనిని నిందింపలేదు. ఆ పని మేమే చేసితిమి. "వాడే తినివేసినాడు" అను మాట ఎవరు మొదట పలికిరో చెప్పలేము. రెండవమాఱు పలికినవారిలో మేము నలుగురమును గలము. మఱునాడు అతని తండ్రి పాఠశాలకు వచ్చి 640 రూపాయలు చెల్లించి పోయెను. ఆయన గులాబితోటలో కూలిపని చేయువాడు. ఆ చెల్లింపును మేము నేరము నొప్పుకొనుటగా భావించితిమి. తీసికొనకున్నచో ఎందుకు కట్టవలెను అని తర్కించితిమి. మా తర్కము మాకు మిక్కిలి గొప్పగా తోచెను.

ఆ తరువాత అతనితో ఎవరును మాటలాడలేదు. అతడు కూర్చున్న బల్లపై మఱియొకడు కూర్చుండలేదు. బంతియాటలో అతని నెవరును పిలువలేదు. అతడు వచ్చినప్పుడు మాటలాగిపోవుచుండెను. ఇట్లు మూడు వారములకు పైగా గడచెను. చిత్రములోని నక్కకు 21 దినముల గడువని తెలిసినప్పుడు అయ్యో యని జాలిపడిన మేము, మా ప్రక్కబల్లలోని వానికి అంతకంటె ఎక్కువకాలము చెఱ విధించియుంటిమి. నక్కకైన ఆవరణలో పలుకరించు ఖైదీలు గలరు. వీని కెవ్వరును లేరు. వానికి కావలివాండ్రము మేమే.

ఆ సాయంకాలము ఆట కట్టివేసితిమి. పోవుదమా వద్దా యని చాలసేపు వాదించుకొంటిమి. మాలో నొకడు, "ముందు నిజము తెలియనీ, తరువాత పోదము" అనెను. మఱియొకడు, "తెలియకముందే శిక్షించినాము గదా, తెలియకముందే విడువరాదా?" అనెను. దానికి మాలో నెవరికిని బదులు తోచలేదు. మఱునాడు ఉదయమున నలుగురమును వాని యింటికి పోయితిమి.

వాడు వాకిట తొట్టిలో నీళ్లు నింపుచుండెను. మమ్ము జూచి బిందె దింపి, మొదట అడిగిన మాట యిది:

"డబ్బు దొరికిందా?"

"లేదు" అంటిమి.

"మఱి ఎందుకొచ్చినారు?"

మేము దారిపొడుగునను కూర్చుకొన్న మాటలన్నియు ఆ ప్రశ్నయెదుట నిలువలేదు. తప్పు చేసితిమని మాత్రము చెప్పగలిగితిమి. వాడు క్షమించితినని అనలేదు, కోపపడనులేదు. "మా నాయన తోటవారిదగ్గర అడ్వాన్సు తీసుకుని కట్టినాడు. ఆ సంగతి మీకెవరికీ చెప్పవద్దన్నాడు" అని మాత్రమనెను. కొడుకుపై మాట రాకుండుటకు తండ్రి కట్టిన పైకమునే మేము వానికి సంకెలగా తొడిగితిమన్నమాట. వాని తల్లి మాకు మజ్జిగ యిచ్చెను. ఆ మజ్జిగ త్రాగుట మాకెంత కష్టమయ్యెనో వ్రాయజాలము.

రెండు దినముల తరువాత వాడే మా మిత్రుని యింటికి వచ్చెను. మేము ఆట చూపితిమి. వాడు కొంతసేపు మౌనముగా చూచి, నక్క సొమ్మును మే మెట్లు వ్యయము చేయుచున్నామో గమనించి, "ఊరకే ఖర్చుచేస్తున్నారు. ఆ మూలనున్నవాణ్ణి ఒక్కసారైనా పలుకరించినారా?" అని యడిగెను. అతడు మేము ఏనాడును లక్ష్యపెట్టని ఖైదీ. పలుకరించితిమి. పాచికలు మాకు వ్యతిరేకముగానే పడెను. అయినను వాడు విసుగలేదు. మఱునాడు మరల పలుకరింపుమనెను.

సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన దినమున మేము నలుగురము తరగతిలో లేచి నిలుచుండి జరిగినది చెప్పితిమి. పోయిన సొమ్ము అందఱిది గావున నష్టమును అందఱును పంచుకొని తలకు 20 రూపాయల చొప్పున ఆ తండ్రికి తిరిగి యిత్తమంటిమి. కొందఱు వెంటనే యిచ్చిరి. కొందఱు ఇంకను సందేహించుచున్నారు. వారిని మేము తప్పుపట్టజాలము. నెల క్రితము మేమును వారివలెనే యుంటిమి. మేము నలుగురము మాత్రము వంతులు వేసికొని వాని బల్లయందు కూర్చుండుచున్నాము. ఈ మధ్య వంతు లేకయే కూర్చుండువారు మఱి యిద్దఱు చేరిరి.

ఆ 640 రూపాయలు ఎవరు తీసిరో ఈ వ్యాసము వ్రాయునాటికిని తెలియలేదు. ఒకవేళ ఎన్నడును తెలియకపోవచ్చును. ఆటలో సాక్ష్యములు వెదకినకొలది దొరకును. వానిని చేసినవారు ముందుగానే ఎచటనో దాచియుంతురు. బ్రతుకులో అట్టి యేర్పాటు లేదు. కనుక సాక్ష్యము దొరకనప్పుడు మనమెట్లు నడచుకొందుమో అదియే మన గుణమునకు పరీక్ష. నింద వేయుటకు ఒక్క నిమిషము చాలును. దానిని తుడుచుటకు పైకము చాలదు, మౌనము చాలదు. ఎవరో ఒకరు వచ్చి ప్రక్కన కూర్చుండవలెను.

ప్రియ సోదరవిద్యార్థులారా! మీ తరగతిలోను ఒంటరిబల్ల యొకటి యుండవచ్చును. దానిపై కూర్చున్నవాడు దోషియో నిర్దోషియో మాకు తెలియదు, మీకును తెలియదు. తెలియనంతకాలము వానికి నక్కపై మనము చూపిన జాలియైనను చూపుదము.

ఆట మా మిత్రుని యింట అట్లే నిలిచియున్నది. 17వ దినము నడచుచున్నది. నక్క యింకను చెఱలోనే కలదు. అర్ధవార్షిక పరీక్షలు ముగిసిన పిమ్మట మేము అయిదుగురము కూడి మిగిలిన నాలుగు దినములలో దానిని విడిపింప యత్నింతుము.