చెరువు కట్ట మీద నడక

“డాక్టరుగారు నడవమన్నారు, ఎక్కడ నడవాలి?” అని అడిగేవారు చాలామంది. టేకుమట్ల వైపు వారికి ఆ చింత అక్కర్లేదు. గణపురంలో గణపసముద్రం, పాలంపేటలో రామప్ప చెరువు ఉన్నాయి. రెండూ కాకతీయులు తవ్వించినవే. 1213 నాటి రామప్ప గుడి కూడా పక్కనే.

చలికాలం ఉదయాన ఆ కట్టలెక్కితే కొంగలు, నీటికాకులు, లకుముకిపిట్టలు కనబడతాయి. ఉత్తరాది చలికి తాళలేక వలస వచ్చే బాతులూ ఈ కాలంలోనే మన చెరువుల్లో దిగుతాయి. అయితే పిట్ట కనబడినప్పుడల్లా ఆగిపోతే గుండెకు చాలినంత వ్యాయామం కాదు. ముందు అరగంట చురుగ్గా నడవండి. ఆ తరువాత తీరిగ్గా కూర్చుని చూడండి.

మధుమేహం ఉన్నవారు చెప్పులు లేకుండా నడవరాదు. ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో కాస్త చక్కెర ఉంచుకోవాలి. చెరువు నీరు తాగకండి. కాలికి పుండో గాయమో ఉంటే నీళ్ళలో దిగనే వద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం గాయాల గుండా ఒంట్లోకి ప్రవేశిస్తుంది. ముదిరితే మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటాయి.

చెరువులో దిగివచ్చిన నెలలోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళ ఎరుపు కనిపిస్తే ఆలస్యం చేయకండి. డాక్టరుకు జ్వరంతోపాటు చెరువు సంగతీ చెప్పండి. ఆ ఒక్క మాటతో జబ్బు త్వరగా తెలుస్తుంది. వేళకు మందు పడితే నయమవుతుంది.