గుడ్ల సంచి, లాప్‌టాప్ సంచి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వన్నా అని తమ్ముళ్లు వచ్చి అడిగినప్పుడు నాకు మొదట తోచింది అందరూ రాసేదే. కష్టపడి చదవండి, హాస్టలు పేరు నిలబెట్టండి అని. అది ప్రతి సంచికలోనూ ఇద్దరు ముగ్గురు పెద్దలు రాస్తారు, నాకన్నా బాగా రాస్తారు. వచ్చిన తమ్ముళ్లలో ఒకడు డిగ్రీ చదువుతున్నాడు. వాడి భుజానికి ఒంటిపట్టీ సంచి, అందులో చిన్న లాప్‌టాప్. తిరిగి సైకిలెక్కి పోతూ ఉంటే ఆ సంచి వీపు మీద నుండి జారి కడుపు మీదికొచ్చి మోకాలికి తగులుతూ ఉంది. వాడు ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో సంచి పట్టుకొని మలుపు తిరిగిపోయాడు. అది చూసి నా మోచేతి మీది మచ్చ గుర్తుకొచ్చింది. అందుకని సంచి గురించే రాస్తున్నాను. ఇదీ ఒక విషయమేనా అని నా తోటివాళ్లు నవ్వుకున్నా ఫరవాలేదు.

నేను మన హాస్టల్లో 1998 నుండి 2003 వరకు, ఆరు నుండి పది దాకా ఉన్నాను. అప్పుడు డోన్ కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుండి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. చదువయ్యాక నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలకు లెక్కలు రాసే పనిలో పడ్డాను. డోన్, బేతంచెర్ల వైపు ఇలాంటి చిన్న యూనిట్లు ఎన్ని ఉన్నాయో మీకు చెప్పనక్కర లేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క గుమాస్తాను పెట్టుకోలేరు కాబట్టి నాలాంటివాడు నలుగురైదుగురికి కలిపి రాస్తాడు. కాగితాల మీద రాసినంత కాలం ఇబ్బంది లేదు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. ప్రతి నెలా 20వ తేదీ లోపల వెనకటి నెల 3బి రిటర్ను వేయాలి. 2018 ఏప్రిల్లో ఈ-వే బిల్లు కూడా వచ్చింది. 50 వేల రూపాయలు దాటిన సరుకైతే లారీ కదలక ముందే బిల్లు తీయాలి. బండలు నింపిన లారీ గేటు దగ్గర నిలబడి ఉంటుంది, డ్రైవరు హారను కొడుతుంటాడు, నేనేమో సైకిలు తొక్కుకుంటూ పోవాలి.

మోటారు సైకిలు కొనే స్తోమత అప్పుడు లేదు. లాప్‌టాప్‌కే డబ్బు చాలక అమ్మ కమ్మలు తాకట్టు పెట్టి కర్నూలులో ఒక సెకండ్ హ్యాండుది కొన్నాను. 11.6 అంగుళాల తెర. చార్జరుతో కలిపి తూకం వేయిస్తే కిలోన్నర తూగింది. 2007లో ఆసుస్ కంపెనీవాళ్లు కిలో కూడా లేని 7 అంగుళాల 'ఈ పీసీ'ని తెచ్చినప్పటి నుండి ఈ చిన్నవి మావంటి వాళ్లకు అందుబాటులోకి వచ్చాయి. మరి కిలోన్నర పెద్ద బరువా? కాదు. ఇంట్లో బిందె నీళ్లు ఎత్తేవాళ్లకు అదొక లెక్క కాదు. కానీ వీపు మీద నిలకడగా ఉండని కిలోన్నర, నిలకడగా ఉన్న ఐదు కిలోల కంటే ప్రమాదం. ఇది నేను పడిన తర్వాత తెలుసుకున్నాను.

2018 జూలై 19. మరుసటి రోజే రిటర్న్ల గడువు. ఆషాఢం గాలి. మన మెట్టల మీద ఆ గాలి ఎట్లా వీస్తుందో మీకు తెలుసు, ఎదురుగాలికి సైకిలు దిగి నెట్టుకుపోవాల్సి వస్తుంది. నా సంచి ఒక అంగట్లో కొన్నది. చూడడానికి ఆఫీసరు సంచిలా ఉంటుంది, వెడల్పుగా, పలచగా, నున్నటి నైలాన్ పట్టీతో. 15 అంగుళాల లాప్‌టాప్‌కు చేసిన సంచిలో 11 అంగుళాలది వేస్తే లోపల అది అటూ ఇటూ ఆడుతుంది. అంత వెడల్పు సంచికి పక్క నుండి గాలి కొడితే తెరచాపలా తిప్పుతుంది. దిగుడు రోడ్డులో వెనక లారీ హారను కొట్టింది. నేను మార్జిను దిగుతూ ముందుకు వంగాను. వంగగానే సంచి వీపు దాటి ముందుకొచ్చింది, పైకి లేచిన మోకాలు దానికి తగిలింది, హ్యాండిలు తిరిగిపోయింది. నేను ఒక పక్క, సంచి ఇంకో పక్క కంకర మీద పడ్డాం. లారీ ఆగకుండా పోయింది. దేవుడి దయ, అది మా పక్కగా పోయింది.

మోచేయి చెక్కుకుపోయింది. లాప్‌టాప్ తెర పగిలింది, మూత బందు ఊడింది. అన్నిటికంటే లోపలి హార్డ్ డిస్క్ పోయింది. త్వరగా పోవాలని మూత మాత్రం వేసి, ఆఫ్ చేయకుండానే సంచిలో పెట్టాను. అప్పటి హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతూ ఉంటుంది, దాని మీద వెంట్రుకవాసి కన్నా తక్కువ ఎడంతో చదివే ముల్లు ఆడుతుంది. పూర్తిగా ఆఫ్ చేస్తే ఆ ముల్లు పక్కకు తప్పుకుంటుంది. నాది నడుస్తూనే ఉండింది కాబోలు. ఆ నెల బిల్లులన్నీ మళ్లీ కట్టలు విప్పి నెట్ సెంటరులో కూర్చొని ఎక్కించాను. ముగ్గురి రిటర్న్లు నాలుగు రోజులు ఆలస్యమయ్యాయి. రోజుకు 50 రూపాయల చొప్పున 600 రూపాయలు నేనే కట్టుకున్నాను. యజమానుల్లో ఒకాయన, "నీ సైకిలు పడితే నేనేంటికి కట్టల్లప్పా?" అన్నాడు. న్యాయమే. అమ్మ మాత్రం చేతికి దెబ్బ తగిలిందా అని అడిగిందే గాని కమ్మల మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

రిపేరు చేయించి, పళ్లేలు ముళ్లు లేని ఎస్.ఎస్.డి. వేయించాను. ఇక సంచి సంగతి. వీపుకు రెండు పట్టీలతో తగిలించుకునే బ్యాగు అన్నిటికన్నా నిలకడైనదని నాకూ తెలుసు. కాలేజీకి పోయి ఒకచోట కూర్చునే తమ్ముళ్లు అదే కొనండి, ఇంక ఈ వ్యాసం చదవక్కర లేదు. నా పని వేరు. పాలిష్ ఫ్యాక్టరీలో నేలంతా రాతిపిండి కలిసిన నీళ్లు. బ్యాగు విప్పి కింద పెట్టే జాగా ఉండదు. ఒంటిపట్టీ సంచి అయితే నిలబడే ముందుకు లాక్కొని, తెరిచి, బిల్లు తీసి, మళ్లీ వెనక్కి తోసేయవచ్చు. క్యారియరుకు కట్టుకుందామంటే రోడ్డు మీది ప్రతి గుంత లాప్‌టాప్‌కే తగులుతుంది. వీపు మీద ఉంటే ఆ దెబ్బలో సగం మన కాళ్లూ నడుమూ తీసుకుంటాయి. హ్యాండిలుకు తగిలించడం గురించి నాకు అంతకు ముందే అనుభవముంది.

ఆ అనుభవం చెప్పాలి. నేను తొమ్మిదిలో ఉండగా, మెనూలో గుడ్డు ఉన్న ఒక రోజు కుక్ అన్న నన్నూ నా రూము మిత్రుణ్ణీ రెండు సైకిళ్లు ఇచ్చి గుడ్లకు పంపాడు. చెరి నలభై. నేను సంచి హ్యాండిలుకు తగిలించాను. వాడు సంచిని వీపు మీద ఎత్తుగా వేసుకొని, తువ్వాలు తీసి సంచి మీదుగా చంకల కిందికి తెచ్చి ఛాతీ మీద ముడి వేశాడు. "గుడ్లు కదలగూడదు రా, నువ్వు కదిలినా ఏం గాదు" అన్నాడు. నేను నవ్వాను. హాస్టలు చేరేసరికి వాడివి నలభై నలభై, నావి పదకొండు పగిలాయి. కుక్ అన్న అడిగితే "అంగడాయప్ప పగిలినవే ఇచ్చినాడన్నా" అని చెప్పాను. మిత్రుడు పక్కనే ఉన్నాడు, ఏమీ అనలేదు. ఆ రాత్రి చివరి వరసలో కూర్చున్న చిన్నపిల్లలు పదకొండు మందికి గుడ్డు లేదు. అందులో ఎవరైనా ఈ సంచిక చదువుతుంటే, అంగడాయన తప్పేమీ లేదని ఇరవై ఏళ్ల తర్వాత చెబుతున్నాను.

ఆ ఏడాదే వాళ్ల నాయన మంచాన పడితే మిత్రుడు చదువు మానేసి, ఆటోలకు సీట్లు కుట్టే అంగట్లో చేరాడు. తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. ఆ అంగడి ముందర నుండే ఎన్నో ఏళ్లు తిరిగాను. వాడు చెయ్యెత్తేవాడు, నేను తల ఊపి పోయేవాణ్ణి. గుడ్ల సంగతే కారణమంటే అబద్ధమవుతుంది. నేను కుర్చీలో కూర్చొని పని చేసేవాణ్ణి అనే గర్వం కూడా ఉండేది. పడిన వారానికి సైకిలు దిగి వాడి అంగట్లోకి పోయాను. పగిలిన తెర చూసి, మోచేతి కట్టు చూసి, "ఈసారి అంగడాయప్ప పగిలిందే ఇచ్చినాడని చెప్పలేవు గదరా" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వాం. వాడి పేరు రాస్తానంటే వద్దన్నాడు. రాస్తే హాస్టలు పిల్లలంతా సంచులు పట్టుకొని వస్తారు, ఆటోల పని ఆగిపోతుందట.

కొలత తీయడానికి వాడు నన్ను నిలబెట్టలేదు. సైకిలు స్టాండు వేయించి, దాని మీద ఎక్కించి, హ్యాండిలు పట్టుకొని వంగమన్నాడు. అట్లా వంగినప్పుడు టేపు పెట్టాడు. అంగట్లో నిలబడి అద్దంలో చూసుకొని కొన్న సంచి సైకిలు మీద ఎందుకు పనికిరాదో నాకు ఆ క్షణంలో అర్థమైంది. నిలబడినప్పుడు నడుము దగ్గర వేలాడే సంచి, వంగినప్పుడు పక్కకు జారడానికి సిద్ధంగా ఉంటుంది. వాడు పట్టీ పొట్టిగా పెట్టి సంచిని రెక్కల మధ్యకు, ఎత్తుగా తెచ్చాడు. పట్టీకి తుక్కు జీపులోని సీటు బెల్టు వాడాడు. రెండంగుళాల వెడల్పు ఉంటుంది, భుజం కోయదు. భుజం మీద జారకుండా దాని అడుగున సైకిలు ట్యూబు ముక్క కుట్టాడు.

అసలైన కిటుకు రెండో పట్టీ. పెద్ద పట్టీ కుడి భుజం మీదుగా ఛాతీకి దిగి ఎడమ చంక కింద నుండి వెనక్కి పోతుంది. సంచి కుడివైపు కింది మూల నుండి ఒక సన్నటి పట్టీ కుడి చంక కిందుగా ముందుకొచ్చి ఛాతీ మీద పెద్ద పట్టీకి క్లిప్పుతో తగులుకుంటుంది. అంతే, సంచి ముందుకు రాలేదు. ఫ్యాక్టరీలో ఆ క్లిప్పు తీసేస్తే మామూలు సంచిలా ముందుకు లాక్కోవచ్చు. తర్వాత తెలిసింది, అమెరికాలో సైకిళ్ల మీద కవర్లు చేరవేసే కొరియర్ల సంచులకూ ఇట్లాంటి అడ్డపట్టీ ఉంటుందని. 1989లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అలాంటి కొరియరు ఒకాయన తన కోసం కుట్టుకున్న సంచితోనే టింబక్‌టూ అనే కంపెనీ మొదలైంది. మావాడు ఆ పేరు వినలేదు. వాడికి తెలిసింది తువ్వాలు ముడి.

సంచి బయట లారీ పట్ట గుడ్డ, లోపల సీటు స్పంజి. లాప్‌టాప్ పెట్టే అర సంచి అడుగుదాకా రాదు, అంగుళం పైనే ఊయలలా ఆగుతుంది. కాబట్టి సంచిని ఠక్కున కింద పెట్టినా దెబ్బ తగలదు. అరను సరిగ్గా నా లాప్‌టాప్ కొలతకే కుట్టాడు. చార్జరు ఎప్పుడూ వీపుకు అవతలి వైపు, వేరే అరలో. దాన్ని లాప్‌టాప్ మీద వేస్తే ఆ దిమ్మే తెరను నొక్కుతుంది. రాతి దుమ్ముకు మూత పక్కలకు కూడా దిగేట్టు పొడుగ్గా పెట్టించాను. చెమటకు వీపువైపు లోపల పాలిథిన్ వేశాడు. ఎండాకాలంలో వీపు ఉడుకుతుంది, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. బిల్లుల నకలు ఉన్న పెన్‌డ్రైవ్ మాత్రం సంచిలో పెట్టను, చొక్కా జేబులోనే. పడితే రెండూ ఒకేసారి పోకూడదు.

కుట్టుకూలి 180 రూపాయలు, సామాను వేరే. తగ్గించమని నేను అడగలేదు, వాడూ తగ్గించలేదు. ఆ సంచితో తిరిగే సంపాదించి 2020లో కమ్మలు విడిపించాను. అడ్డపట్టీ కుట్టు ఒకసారి ఊడితే మళ్లీ వేశాడు. ఇప్పటికీ అదే సంచి.

కుట్టిన రోజు లాప్‌టాప్ పెట్టనివ్వలేదు. కిలోన్నర తూగే నాపరాయి ముక్కను గుడ్డలో చుట్టి లోపల పెట్టాడు. దాని పక్కన, కాగితాల అరలో ఆరు గుడ్లు. "పాతపేట దాకా పోయిరా" అన్నాడు. గతుకుల్లోనే పోయాను, వంగి తొక్కాను, ఒక చోట కావాలనే గుంతలో దించాను. తిరిగొచ్చాక వాడు ఒక్కొక్క గుడ్డూ తీసి వెలుతురుకు పట్టి చూశాడు. ఐదు బాగున్నాయి. ఆరోదానికి సన్నటి గీత.

"అంగడాయప్ప..." అని నేను మొదలు పెట్టాను.

వాడు ఆ గుడ్డును విడిగా పెట్టి, పక్క హోటలు పిల్లవాణ్ణి పిలిచి, ముందు దాన్ని ఆమ్లెట్ వేయించుకురమ్మన్నాడు.