ముఖం కరుగుతుంటే మూత్రం చూడండి

దుండిగల్ పక్క పల్లె నుంచి ఆ తల్లి కూతుర్ని తీసుకొచ్చింది ముఖం కోసమే. "సార్, మంచిగనే తింటది. అయినా మొఖం గుంజుకపోయింది. సంబంధమోళ్లు టీబీ ఉందా అని అడుగుతున్నరు."

టీబీ, థైరాయిడ్ పరీక్షలు అప్పటికే అయ్యాయి. నులిపురుగుల మందు, బలానికి టానిక్కులు కూడా. అమ్మాయి చెంపలు లోపలికి పోయి దవడ ఎముకలు తేలాయి. దండ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుంటే చర్మం తప్ప ఏమీ చేతికి రాలేదు. తొడలు, పిక్కలు మాత్రం నిండుగా ఉన్నాయి. క్షయ గానీ తిండిలేమి గానీ ఇలా నడుము దాకా వచ్చి ఆగదు. చిన్నప్పుడు తట్టు పోశాకే మొదలైందని తల్లి అంది.

బీపీ 150/100. మూత్రంలో ముంచిన పట్టీ పసుపు నుంచి ముదురాకుపచ్చకు తిరిగింది. ప్రొటీన్ పోతోంది. అంతకుముందు ఎవరూ చేయించని పరీక్ష అదొక్కటే.

ఇది బారాకేర్-సైమన్స్ సిండ్రోమ్. బెర్లిన్‌లో ఆర్థర్ సైమన్స్ 1911లో వర్ణించాడు. అంతకు కొన్నేళ్ల ముందే బార్సిలోనాలో బారాకేర్ గుర్తించాడు. మన రక్తంలోని కాంప్లిమెంట్ వ్యవస్థ సూక్ష్మజీవుల మీదికి వెళ్లి, పనయ్యాక ఆగాలి. సి3 నెఫ్రిటిక్ ఫ్యాక్టర్ అనే యాంటీబాడీ దాన్ని ఆగనివ్వదు, కట్టెయ్యని కుళాయిలా. ఆ వ్యవస్థకు కావలసిన ఫ్యాక్టర్ డి ఎక్కువగా తయారయ్యేది కొవ్వు కణాల్లోనే, అందుకే అవి ముందు చితికిపోతాయి. ఆ వ్యవస్థలోని సి3 అనే ప్రొటీన్ ముక్కలు కిడ్నీ వడపోత పొరల్లో పేరుకుంటాయి. ఆమె రక్తంలో సి3 బాగా పడిపోయింది, అదే వ్యవస్థలోని సి4 మామూలుగానే ఉంది. మామూలు ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చే కిడ్నీ వాపులో సి3 రెండు నెలల్లో కోలుకుంటుంది. ఈమెకు కోలుకోలేదు. కిడ్నీ బయాప్సీ కోసం నగరానికి పంపాను, అనుమానం నిజమైంది.

అనూప్ మిశ్రా తదితరులు 2004లో ప్రచురించిన సమీక్ష ప్రకారం ఈ రోగుల్లో అయిదుగురిలో ఒకరికి పైగా కిడ్నీ జబ్బు వస్తుంది, అదీ కొవ్వు కరగడం మొదలైన దాదాపు 8 ఏళ్లకు. ఆ 8 ఏళ్లే మన చేతిలో ఉన్న గడువు. ఆ గడువంతా ముఖం గురించిన మాటలతోనే గడిచిపోవడం నాకు బాధగా ఉంటుంది. మూత్రం శుభ్రంగా ఉన్నవాళ్లకూ ఏటా మూత్రం, బీపీ చూస్తూనే ఉండాలి.

"మొఖం మళ్ల నిండుతదా సార్?" అని అమ్మాయే అడిగింది. కరిగిన కొవ్వు దానంతట అది రాదని, కావాలంటే తర్వాత ప్లాస్టిక్ సర్జన్ నింపగలడని చెప్పాను. ముందు బీపీ మాత్రలు, ప్రొటీన్ తగ్గించే మందులు, నెఫ్రాలజిస్టు దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్లడం. కిడ్నీ మార్పిడి దాకా వెళ్తే కొత్త కిడ్నీకీ ఈ జబ్బు తిరిగి రావచ్చు. అది కూడా దాచలేదు.